ఐదు గంటల బిల్లు

పిన్ని నాతో మాట మానేసి అప్పటికి ఆరు రోజులు. ఎందుకో కిందటి వారం చదివినవాళ్లకు తెలుసు. చదవనివాళ్ల కోసం, నా పరువు నేనే ఇంకోసారి తీసుకుంటూ, నాలుగు ముక్కల్లో చెబుతాను.

అదొక మూడంతస్తుల దుకాణం. కుళాయిలు, పైపులు, మోటార్లు, రంగులు, తాళాలు, ఇల్లు కట్టుకోవడానికీ కట్టిన ఇంటిని బాగుచేసుకోవడానికీ కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. కింది అంతస్తులో ఓ మూలనున్న చిల్లర సామాన్ల కౌంటర్ మా పిన్నిది. వాషర్లు, నట్లు, మరలు, రబ్బరు రింగులు డబ్బాల్లోంచి విడివిడిగా తీసి ఇస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే స్టూలు మీద కూర్చుంటోంది. అమ్మకు ఉద్యోగరీత్యా ఊళ్లు తిరగడం తప్పేది కాదు కాబట్టి ఆరో తరగతి నుంచీ నేను పిన్ని దగ్గరే పెరిగాను. నా హోంవర్కులో సగం ఆ కౌంటర్ వెనకాల కూర్చుని చేసిందే. ఇప్పుడు అదే దుకాణానికి, పద్నాలుగు నెలల బిల్లుల్ని జల్లెడపట్టి ఏ వస్తువులు కలిసి ఎక్కువ లాభం తెస్తున్నాయో చెప్పే ప్రోగ్రామ్ రాసి ఇచ్చాను. అది తీసిన వంద వరుసల జాబితాలో పిన్ని అమ్మే వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు. యజమానురాలు, మేడమ్ అంటే చాలు అందరికీ తెలుస్తుంది, ఆ జాబితా చూసి చిల్లర కౌంటర్ తీసేసి అక్కడ మోటార్లు పెడదామంది. పిన్నిని గోడౌన్‌కి పంపిస్తానంది. ఖాయంగా చెప్పేది వచ్చే బుధవారం.

పిన్ని అరవలేదు, ఏడవలేదు. వేళకి భోజనం పెడుతోంది, నా బట్టలు మడత పెడుతోంది, మాట మాత్రం లేదు. తిట్టినా బాగుండేది. ఆరు రోజులు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, ఏడో రోజు మధ్యాహ్నం తిన్నగా దుకాణానికే వెళ్లి, ఆమె కౌంటర్ పక్కన ఖాళీ అట్టపెట్టె తిరగేసుకుని కూర్చున్నాను. వెళ్లిపొమ్మంటే వెళ్లకూడదని గట్టిగా అనుకునే వెళ్లాను. పిన్ని నావైపు చూడనైనా లేదు.

అసలు ఆ ప్రోగ్రామ్ చేసే పనేమిటో చెప్పకపోతే నా ఘనకార్యం మీకు అర్థం కాదు. ఎక్కువగా అమ్ముడయ్యేవి ఏవో చెప్పడం పెద్ద విద్యేం కాదు, గుమ్మం దగ్గరి కాపలా మనిషిని అడిగినా చెబుతాడు. ఏవేవి కలిస్తే లాభం ఎక్కువో చెప్పడమే కష్టం. దుకాణంలో తొమ్మిది వేల రకాల వస్తువులున్నాయి. రెండేసి, మూడేసి, నాలుగేసి కలిపి చూసుకుంటూ పోతే మన మనవలు ముసలివాళ్లయినా ఆ పని తెమలదు. అందుకని పనికిరానివాటిని ముందే వదిలించుకోవాలి. ఒక వస్తువు కనిపించిన బిల్లులన్నీ తీసి, వాటి మీద వచ్చిన లాభం మొత్తం కూడతాం. ఆ లాభమంతా దాని పుణ్యమే అనుకున్నా సరే మనం గీసుకున్న గీత దాటకపోతే, దాన్ని ఇంక దేనితో కలిపినా దాటదు. అలాంటిదాన్ని నిశ్చింతగా వదిలేయొచ్చు. ఇందులో మోసం లేదు.

నన్ను ఏడిపించినవి పొడుగు బిల్లులు. మామూలు బిల్లులో నాలుగైదు వస్తువులుంటే, కొన్నిట్లో నూట యాభై, నూట ఎనభై ఉన్నాయి. అలాంటి బిల్లులో ఉన్న ప్రతి బోడి వస్తువుకీ ఆ బిల్లు లాభమంతా వెనకాల నిలబడుతుంది, దేన్నీ వదిలేయడానికి ఉండదు. నూట ఎనభై వస్తువుల్ని ఎన్ని రకాలుగా కలపొచ్చో తలుచుకుంటేనే నీరసం వస్తుంది. మెషిన్ ఆరు గంటలు మూలిగి మూలిగి ఆగిపోయేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి, అరవై వస్తువులు దాటిన బిల్లు ఏదో చెత్త అయ్యుంటుందిలే అని అలాంటివన్నీ తీసి పక్కన పడేశాను. నాలుగు లక్షల బిల్లుల్లో అవి మూడు వందల యాభై. ఎవరికి లెక్క? ఆరు గంటలైనా తెమలని పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మా ఆఫీసులో చప్పట్లు కొట్టారు. నేను ఉబ్బి తబ్బిబ్బయిపోయాను. ఆ మూడు వందల యాభై ఎక్కడివని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

సరే, కౌంటర్ దగ్గరికి వద్దాం. ఒకాయన గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి, కాగితంలో చుట్టిన పాత రబ్బరు వాషర్ బల్ల మీద పెట్టాడు. పిన్ని దాన్ని బొటనవేలితో రుద్ది, వెలుతురులో పెట్టి చూసి, ఒకవైపే అరిగిందంది. కుళాయి కొని ఎన్నేళ్లయిందని, తిప్పుతుంటే కీచుమంటోందా అని, మేడ మీది ట్యాంకు నీళ్లా లేక నేరుగా వచ్చేవా అని వరసగా అడిగింది. డాక్టర్లు కూడా అంత ఓపిగ్గా అడగరు. అంతా విని, వాషర్ మారిస్తే నెలరోజులు ఆగుతుందనీ, లోపల తిరిగే కడ్డీ, అదే స్పిండిల్, వంగిపోయింది కాబట్టి ఆ తర్వాత గోడ పగలగొట్టాల్సి వస్తుందనీ చెప్పింది. పైపుల కౌంటర్‌కి వెళ్లి ఫలానా రకం కుళాయి, దానికి ముందు ఒక చిన్న వాల్వు అడగమంది. వాషర్లు రెండు చేతిలో పెట్టి, డబ్బులు తీసుకుని పంపించింది. ఆయన అటు వెళ్లగానే, చింపిన అట్టముక్క మీద పెన్సిల్‌తో ఏదో రాసుకుంది.

కొంచెం వంగి చూశాను. 'గొడుగాయన, అర అంగుళం రెండు, పైపులకి' అని ఉంది. ఆ పైన 'తొందర మనిషి', 'భార్య మాట వినడు', 'మళ్లీ వస్తాడు' అని వరసగా ఉన్నాయి. నవ్వు ఆపుకోలేకపోయాను. అప్పుడు బుర్రలో ఏదో మెదిలింది. ఆయనకి బిల్లు ఇవ్వలేదేమని అడిగాను.

పని సంగతి అయితే పిన్ని పగవాళ్లకైనా జవాబు చెబుతుంది. ఇంట్లో నీళ్లు కట్టేసి, పని సగంలో వదిలి పరిగెత్తుకొచ్చినవాణ్ని రెండు వాషర్ల కోసం బిల్లింగ్ వరసలో నిలబెట్టడం ఆమెకి ఇష్టం ఉండదట. అందుకని రోజంతా అట్ట మీద రాసుకుని, సాయంత్రం ఐదింటికి అన్నీ కలిపి ఒకే బిల్లు కొడుతుందట. మెషిన్లు వచ్చినప్పటి నుంచీ అదే పద్ధతి.

నాకు నా పొడుగు బిల్లులు గుర్తొచ్చాయి. ఒళ్లో ఉన్న లాప్‌టాప్ తెరిచి, నేను పారేసిన మూడు వందల యాభై బిల్లుల్ని తేదీల వరసలో పెట్టాను. రోజుకొకటి. అన్నీ ఐదుకి కాస్త అటూఇటూగా కొట్టినవి, అన్నీ ఈ కౌంటర్‌వే. పద్నాలుగు నెలల్లో సెలవులు పోగా మిగిలిన రోజులు మూడు వందల అరవై ఒకటి. తక్కువైన ఆ పదకొండు రోజులూ పిన్ని కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉంది. ఆ ఆపరేషన్‌కి దగ్గరుండి తీసుకెళ్లింది నేనే.

చెప్పకుండా దాచేద్దామా అని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు. చివరికి నెమ్మదిగా అన్నాను.

"పిన్నీ, నీ బిల్లులన్నీ నేను తీసి పారేశాను."

"అన్నీనా?"

"అన్నీ. పొడుగ్గా ఉన్నాయని."

పిన్ని పెన్సిల్ కింద పెట్టింది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదే. రోజూ ఎదురుగా కూర్చునే తింటున్నావు."

ఆ మాటకి నా తల తీసేసినట్టయింది. తప్పు చేసినవాళ్లకే నోరెక్కువ కాబట్టి నేనూ తిరగబడ్డాను. ఒక్కో మనిషికి ఒక్కో బిల్లు కొట్టాలని గోడ మీద రాసి ఉన్న నియమం చూపించాను. వంద మంది కొన్నది ఒకే బిల్లులో కుక్కితే మెషిన్‌కి ఏం తెలుస్తుంది, ఎవడో పిచ్చివాడు రోజూ సాయంత్రం వచ్చి కౌంటరంతా ఊడ్చుకుపోతున్నాడని అనుకుంటుంది అన్నాను. పిన్ని మూతి బిగించుకుని కూర్చుందామని చూసింది గానీ ఆమె వల్ల కాలేదు. అలాంటి పిచ్చివాడు నిజంగా ఉంటే తనకు ఈ గోడౌన్ గొడవే ఉండేది కాదంది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక పిన్ని కళ్లు తుడుచుకుంది, అది నవ్వుకి వచ్చిన నీరు కాదు.

"నాకు భయంగా ఉందే. గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెట్టగలను, అదేం పని కాదు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరూ నన్నేమీ అడగరు. ఇన్నేళ్లూ అడిగించుకుంటూ బతికాను. అడిగేవాళ్లు లేకపోతే నేనేం చేయాలో నాకు తెలీదు."

అట్టముక్కలు ఎన్ని ఉన్నాయని అడిగాను. పాతవన్నీ చిత్తుకాగితాలవాడికి వేసేసిందట, పదకొండు వారాలవి మాత్రం బల్ల కింద తాడుతో కట్టి ఉన్నాయి. గంటకొకసారి కళ్లకి విశ్రాంతి ఇమ్మని డాక్టర్ చెప్పాడని, గడియారం గంట కొట్టినప్పుడల్లా పిన్ని అట్ట మీద ఒక అడ్డగీత గీసి కాసేపు కళ్లు మూసుకునేదట. అంటే ఏ మనిషి ఏ గంటలో వచ్చాడో, ఏ కౌంటర్‌కి వెళ్లాడో అందులో ఉంది. నాకు కావలసింది అదే. ఆ కట్టను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకుని ఇంటికి తెచ్చాను.

శని, ఆదివారాలు నడవా అంతా అట్టముక్కలే. పిన్ని సెలవు పెట్టింది. ఆమె చదివితే నేను ఎక్కించాను. తన రాత తనకే అర్థం కాక ఒక్కోచోట ఆగిపోయేది. 'మీసాలు' అన్న మనిషి ముగ్గురని తేలింది. మధ్యలో, ఈ పాటి పని ముందే చేసి ఉండొచ్చు కదా అని రెండుసార్లు సన్నగా దెప్పింది, రెండుసార్లూ నేను నోరు మూసుకున్నాను. పిన్ని ఎవరినైనా పంపిన గంటలోనే అవతలి కౌంటర్లో ఆ వస్తువుకి బిల్లు పడి ఉంటే రెంటినీ కలిపి ఒకే మనిషి కొనుగోలుగా రాశాను. అనుమానం ఉన్నచోట కలపలేదు. ఒకసారి పిన్ని నొచ్చుకుని, ఆ 'తొందర మనిషి' కచ్చితంగా మోటారు కొన్నాడని వాదించింది. కాగితం ఒప్పుకోవడం లేదని వదిలేశాను.

సోమవారం పొద్దున ఆ పదకొండు వారాల బిల్లులతో మళ్లీ ప్రోగ్రామ్ నడిపాను. పొడుగు బిల్లులు విడిపోయాయి కాబట్టి ఏ బిల్లులోనూ పది వస్తువులకి మించి లేవు. ఎవర్నీ పారేయకుండానే అర నిమిషంలో తెమిలింది. ఆ లెక్కన పద్నాలుగు నెలలకైనా నేను గొప్పగా చెప్పుకున్న నాలుగు నిమిషాలకంటే తక్కువే. దీనికోసమా అంత పాపం చేశాను అని నా మీద నాకే అసహ్యం వేసింది. జాబితాలో మొదటి ఇరవై వరుసల్లో తొమ్మిదింట్లో పిన్ని వస్తువులున్నాయి. అర అంగుళం వాషర్ మీద వచ్చే లాభం చెప్పుకోవడానికే సిగ్గుచేటు, అయినా దాని వెనకాల కుళాయి, వాల్వు, రెండు మీటర్ల పైపు వరసగా నడిచొచ్చాయి. పిన్నికి ఫోన్ చేసి చెబితే, ఇందులో వింతేముంది, ఇది నాకు ముందే తెలుసు కదా అంది. అంటూనే ఆ తొమ్మిది వరుసలూ నాచేత మళ్లీ చదివించుకుంది.

అంతటితో ఊరుకోవలసింది. నాకు ఊరుకోవడం చేతకాదు. పిన్ని లేని ఆ పదకొండు రోజుల సంగతేమిటో చూద్దామనిపించింది. అప్పుడు రంగుల కౌంటర్ అమ్మాయి ఆ స్టూలు మీద కూర్చుని, నియమం తప్పకుండా ఎవరి బిల్లు వాళ్లకి కొట్టింది. వాషర్లు ఎప్పటిలాగే అమ్ముడయ్యాయి. కానీ వాషర్ కొన్నవాళ్లు వాషర్‌తోనే వెళ్లిపోయారు. పైపుల కౌంటర్లో కుళాయిల అమ్మకం ఆ పదకొండు రోజులూ మూడో వంతు తగ్గింది. పదకొండు రోజులు చూసి ఏదీ ఘంటాపథంగా చెప్పకూడదని నాకు తెలుసు. తెలిసి కూడా అది చూడగానే ఎగిరి గంతేశాను. పిన్ని విలువ ఇదిగో, కాగితం మీద ఉంది, ఇంకెవడు కాదంటాడు అనుకున్నాను. దాన్ని ఆఖరి పేజీలో పెద్ద అక్షరాల్లో వేశాను.

బుధవారం పదకొండింటికి పై అంతస్తులో మేడమ్ గదికి వెళ్లాం. పిన్నిని కూడా రమ్మన్నారు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. నేను ముందు నా తప్పు చెప్పాను. వేగం కోసం ఏం పారేశానో, ఎందుకు పారేశానో, ఆ పాత జాబితాని నమ్మకూడదని, ఏదీ దాచకుండా చెప్పాను. మేడమ్ కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆఖరి పేజీ మళ్లీ చూపించమంది. చాలాసేపు చూసింది.

"అంటే విలువ వాషర్‌లో లేదు. ఈవిడ అడిగే ప్రశ్నల్లో ఉంది."

అవునన్నాను. గర్వంతో నా గొంతు లేచింది కూడా. అర్థం చేసుకుంది కదా అని మనసులో దండం పెట్టుకున్నాను.

మేడమ్ తాపీగా తన సంగతి చెప్పుకొచ్చింది. మోటార్ల వాళ్లకి ఆ స్థలం ఇస్తానని మాట ఇచ్చేసిందట, రెండు నెలలకి మించి వాళ్లని ఆపడం కుదరదట. అయినా ఇంత విలువైనది పోగొట్టుకోవడం ఆమెకి ఇష్టం లేదు. పాత వాషర్ ఫోటో తీసి, పిన్ని అడిగే ప్రశ్నలన్నీ అడిగి, ఏం కొనాలో చెప్పే తెర ఒకటి గుమ్మం దగ్గర పెడితే? పైపుల కౌంటర్ దగ్గర ఇంకొకటి పెడితే? పిన్ని తలలో ఉన్నదంతా అందులోకి ఎక్కించాలి.

"చేయగలవా? ఎన్నాళ్లు పడుతుంది?"

ఈ ప్రశ్న ఎవరడిగినా నాకొక జబ్బు ఉంది. పని ఏమిటి, ఎవరిది, ఎందుకు అని ఆలోచించకముందే బుర్ర లెక్కలు కట్టేస్తుంది. ఆరేడు వందల రకాల వస్తువులు, ఒక్కోదానికి ఐదారు ప్రశ్నలు, ఫోటోలకి మూడు వారాలు.

"రెండు నెలలు చాలు మేడమ్," అన్నాను.

నోట్లోంచి మాట ఊడిపడ్డాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. పక్కన పిన్ని కుర్చీ కిర్రుమంది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. మేడమ్ పిన్నితో చాలా మర్యాదగా మాట్లాడింది. రెండు నెలలు మీ అమ్మాయి మీ పక్కనే కూర్చుంటుంది, తెలిసినవన్నీ చెప్పండి, ఆ తర్వాత గోడౌన్‌కి వెళ్లక్కర్లేదు, గౌరవంగా విశ్రాంతి తీసుకోండి అంది.

పిన్ని లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు సరిచేసుకుంది.

"చెబుతాను మేడమ్. నాకు తెలిసింది దాచుకుని నేనేం చేసుకుంటాను? ఎవరినైనా పంపండి, కూర్చోబెట్టి చెబుతాను. దీన్ని మాత్రం పంపకండి."

ఆ పని తెలిసింది ఈ అమ్మాయికేనని, ఇంకొకరికి అప్పగించి మొదటి నుంచి చెప్పించుకునే సమయం లేదని మేడమ్ సర్దిచెప్పబోయింది.

"అయితే మీ ఇష్టం. అది వచ్చి నా పక్కన కూర్చున్న రోజు నేను స్టూలు దిగిపోతాను."

నావైపు ఒక్కసారి కూడా చూడకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయింది. ఆరు రోజులు మాట్లాడనప్పుడు కూడా పిన్ని మొహం అలా లేదు. అప్పుడు అలిగింది, ఇప్పుడు నన్ను వదిలేసింది. నాకు ఏడుపు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాను.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. సాయంత్రం లోపల నా నిర్ణయం చెప్పమంది. నేను సరేనంటే సోమవారమే మొదలుపెట్టాలి. కాదంటే ఇక రెండు నెలలు ఆగే పనేముంది, మోటార్ల వాళ్లని శనివారమే రమ్మంటానంది. ఒప్పుకుంటే పిన్ని స్టూలు దిగిపోతుంది, ఒప్పుకోకపోతే స్టూలే ఉండదు. పిన్ని మెట్లు దిగుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తోంది. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.